సన్న గీతల చీర

పోయిన నెలలో ఒక ఛానెల్ నుంచి ఒక అమ్మాయి నన్ను ఇంటర్వ్యూ చేయడానికి ఇంటికి వచ్చింది. చురుకైన పిల్ల. నా పుస్తకాల్లో రెండు నిజంగానే చదివి వచ్చింది, ఈ కాలంలో అందుకే ఆమెకు దణ్ణం పెట్టొచ్చు. మైకు నా పైటకు తగిలిస్తూ మాటల్లో మాటగా, "మేడమ్, మీ మొదటి ప్రోగ్రామ్‌కి కాస్ట్యూమ్స్ ఎవరిచ్చారు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగే నవ్వు కాదు. కెమెరా పట్టుకున్నాయన ఆపాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆపాడు. తానేం తప్పడిగిందో తెలియక ఆ పిల్ల బిత్తరపోయింది. "మా నాయన" అని మాత్రం చెప్పగలిగాను. ఆమె కార్యక్రమం ఇరవై నిమిషాలు, ఈ సంగతి అందులో పట్టదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు తెర మీద మాట్లాడాను, పద్నాలుగు పుస్తకాలు రాశాను. నా పుస్తకాల అట్టల మీద ఏమేమో రాస్తారు గాని, నేను నేనైంది ఒక చీర వల్ల.

మాది అత్తిమంజేరిపేట. పళ్ళిపట్టు పక్కన, కాస్త అటు జరిగితే ఆంధ్రలో పడతాం. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, బస్సులో రెండూ. మా వీధి వీధంతా సాలెవాళ్ళమే. ఇంటి ముందుగదిలో నేలలోకి గుంట, గుంటలో నాయన కాళ్ళు, పైన మగ్గం. నడుము కింద కూడా నాయన ఉన్నాడన్న సంగతి చిన్నప్పుడు నాకు అమావాస్య నాడే గుర్తొచ్చేది. ఎందుకంటే నెలకు ఆ ఒక్కరోజే మా మగ్గాలకు సెలవు. మిగతా రోజుల్లో చావొచ్చినా పెళ్ళొచ్చినా ఆ ఇంటి మగ్గమే ఆగేది గాని వీధి ఆగేది కాదు. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాపి గంజి పెట్టేవాళ్ళు. పులిసిన అన్నం గంజి, దాని మీద చిలకరించిన కొబ్బరినూనె, తడి నూలు, ఈ మూడూ కలిసిన వాసన ఎండెక్కే దాకా వీధిలో నిలిచి ఉండేది. అప్పుడు టపా ఆయనైనా సైకిలు దిగి గోడ పక్కగా నడిచిపోవాల్సిందే. ఆ వాసన నా పట్టుచీరల బీరువాలో లేదు, ఏ సెంటు సీసాలోనూ లేదు. ఒక్కోసారి ఎవరింట్లోనో అన్నం వారుస్తున్నప్పుడు లీలగా తగిలితే, నేను చెప్తున్న మాట మరిచిపోతాను.

నాయన తల్లిని మేము అవ్వ అనేవాళ్ళం. ఆమె కళ్ళకు పొర వచ్చి ఏళ్ళయింది. అయినా రాట్నం ముందు కూర్చుని పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలోకి పేక నూలు కండెలు చుట్టే పని ఎవరికీ ఇచ్చేది కాదు. నూలు వేళ్ళ మధ్య నుంచి పోతుంటే ఎక్కడ పలచబడిందో, ఎక్కడ ముడి పడిందో ఆమెకు తెలిసిపోయేది. బుగ్గన వక్క, తొడ మీద నూలు, నోట్లో ఎవరో ఒకరి మీద ఫిర్యాదు. నాకు కథ చెప్పడం నేర్పింది అవ్వే, అయితే పాఠం చెప్పి కాదు. పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగును దాని కొసలకు ఒక్కొక్క పోగుగా అతకాలి. వేలకు వేల పోగులు. వేళ్ళ మధ్య నులిమి అతికించడం తప్ప దానికి దగ్గర దారి లేదు. అట్లా అతికే రోజు ఎవరో ఒకరు కథ చెప్పాలి, లేకపోతే అతికేవాళ్ళు కునుకు తీస్తారు. ఆ పని నా మీద పడింది. నాయన తిరుత్తణికి సరుకు వేయడానికి పోయినప్పుడు, ఏదో ఒక పాత తెలుగు వారపత్రిక పట్టుకొచ్చేవాడు. బడిలో నేర్పని తెలుగు అక్షరాలు నాకు నాయనే గంజి గిన్నెలో వేలు ముంచి అరుగు మీద రాసి నేర్పాడు. అతికే రోజే కాదు, నాయన నేసేటప్పుడూ నేను పైకి చదివేదాన్ని. పత్రికలో కథ "సశేషం" అని ఆగిపోతే మిగతాది నేనే కల్పించి చెప్పేదాన్ని. బాగుందో లేదో నన్నెవరూ పొగిడి చెప్పలేదు. బాగుంటే మగ్గం చప్పుడు ఒకే తూకంలో సాగేది. బాగా లేకపోతే నాయన గుంటలోంచి లేచి వచ్చి మొహం కడుక్కునేవాడు. ఆయన మూడుసార్లు మొహం కడుక్కున్న కథను నేను మళ్ళీ చెప్పేదాన్ని కాదు. తర్వాతి కాలంలో పెద్ద పెద్ద విమర్శకులు నా మీద రాశారు. వాళ్ళెవరి మాటా నన్ను ఆ చెంబు నీళ్ళంత కంగారు పెట్టలేదు.

చదువైపోయాక తిరువళ్ళూరులో ఒక చిన్న బడిలో టీచరుగా చేరాను. స్టేషను దగ్గర ఒక గది, కిరసనాయిలు స్టవ్వు, కిటికీలోంచి మద్రాసు లోకల్ బండి కూత. పిల్లల కాపీలు దిద్ది మిగిలిన పొద్దులో కథలు రాసేదాన్ని. ఒకటి అచ్చయింది, ఇంకొకటి అచ్చయింది. ఒక ఆదివారం ఆ ఊరి గ్రంథాలయంలో తెలుగువాళ్ళ సభ పెట్టి, "ఈ అమ్మాయి కథ చదువుతుంది" అన్నారు. కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి గాని నేను చదవలేదు. పోగులు అతికేవాళ్ళకు చెప్పినట్టు వాళ్ళ మొహాలు చూస్తూ చెప్పుకుపోయాను. సభ అయ్యాక వెనక వరసలోంచి కళ్ళద్దాలాయన ఒకరు వచ్చి, మద్రాసు టీవీలో వారానికి పావుగంట తెలుగు కార్యక్రమం చేస్తుంటానని చెప్పాడు. నేను ఆయన్ను ప్రొడ్యూసర్ గారనే పిలిచాను, చివరిదాకా అట్లాగే పిలిచాను. కార్యక్రమం నడిపే ఆవిడ పెళ్ళై వెళ్ళిపోతోందట. "ఒక్క వారం నువ్వు నడిపి చూడమ్మా. పుస్తకాల గురించి, మనుషుల గురించి, నీకు తోచింది మాట్లాడు. నేరుగా ప్రసారం, తప్పు చేస్తే దిద్దుకోవడం ఉండదు. బాగుంటే నువ్వే. లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాం" అన్నాడు. అంత సూటిగా మాట్లాడే మనిషిని నేను అప్పటిదాకా మా నాయననొక్కణ్ణే చూశాను.

ఊరికి పోయి ఈ మాట చెప్పాను. ముందు అవ్వ అందుకుంది. "ఆడబిడ్డ మొగం ఊరూరా ఇండ్లల్లో కనపడేది యాడైనా ఉండాదా? అన్నం తినేవోళ్ళు జూస్తారు, పండుకోనుండేవోళ్ళు జూస్తారు. వేండాం అంటే వేండాం" అని రాట్నం ఆపేసింది. అమ్మ తమ్ముడు రాజమామ మా వీధిలోనే నేసేవాడు. ఆయన నవ్వి, "వాళ్ళు మనల్ని చూస్తారు గానీ వాళ్ళు మనకి కనపడరు గదా అత్తా" అని తిక్కగా ఏదో అని అవ్వకు ఇంకా కోపం తెప్పించాడు. నాయన నేస్తూనే ఉన్నాడు. చాలాసేపటికి నాడె ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"పాపా, పో. నేను వద్దనను. అయితే ఒగ మాట. పదేండ్లప్పుడు ఈ గుంటలో దిగినాను. నేను నేసిన గుడ్డ మద్రాసులో కట్టుకోనుండారు, బెంగుళూరులో కట్టుకోనుండారు. అంగట్లో ఆ అంగడి పేరు జెప్తారు గానీ ఇది ఫలానావాడు నేసినాడని ఒగరికీ తెల్దు. నువ్వు నా గుడ్డ కట్టుకోనే కనపడల్ల. ఆకర్న లేసి దణ్ణం పెడతావు గదా, అప్పుడు చీరంతా కనపడల్ల. అంతే నాకు కావాల్సింది."

"సరే నాయనా" అన్నాను. ఆ వయసులో మాట ఇవ్వడం ఎంత తేలికో!

నాయన ఆ చీరను ఆలోచించిన తీరు నాకిప్పటికీ అబ్బురం. తిరుత్తణి సావుకారి ఇంట్లో ఆయన టీవీ ఒకటి రెండుసార్లు చూశాడు. మా సరుకు కొనే జవుళి అంగడి ఆయనే సావుకారు. నలుపు తెలుపు బొమ్మ. "దాంట్లో రంగు కనపడదు. ఎరుపేసినా పచ్చేసినా దండగే. కనపడేది పనితనం ఒగటే" అన్నాడు. అందుకని పడుగంతా నేరేడుపండు రంగు పెట్టాడు. పేకలో రెండు పోగులు తెలుపు, రెండు పోగులు నేరేడు, మళ్ళీ రెండు తెలుపు. అంటే చీర పొడుగునా దువ్వెన పళ్ళకంటే సన్నని అడ్డగీతలు. నేసేవాళ్ళకు తెలుస్తుంది అదెంత పనో. రెండు నాడెలు పెట్టుకుని, రెండేసి పోగులకొకసారి చేతులు మార్చాలి. ఒక్క దెబ్బ గట్టిగా పడితే గీత ఇరుకవుతుంది, మెత్తగా పడితే వెడల్పవుతుంది. ఆరు గజాల్లో ఎక్కడ తేడా వచ్చినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మా వీధిలో అట్లాంటిది పెళ్ళికూతురికి కూడా ఎవరూ నేయలేదు. వద్దన్న అవ్వే కండెలు చుట్టింది, గొణుక్కుంటూనే. రాజమామ తన పడుగు పక్కకు తీసి వీధి మా కోసం ఖాళీ చేశాడు. ఎదురింటివాళ్ళు గంజికి బియ్యం ఇచ్చారు. లోపలి చెంగు, అంటే నడుము దగ్గర దోపుకునే కొస, గజమున్నర మేర మాత్రం గీతల్లేకుండా ఉత్త నేరేడు రంగుతో వదిలేశాడు. అది లోపలికి పోయేది, ఎవరు చూడొచ్చారు? మా వాళ్ళెవరైనా అట్లాగే నేస్తారు. రెండు అంచులకూ వెడల్పుగా గుడిగోపురం పళ్ళు దింపాడు. మగ్గం మీంచి దించి మడత విప్పినప్పుడు అమ్మ ఒకటే మాటంది, "ఇది గుడ్డా, నీళ్ళా?"

కార్యక్రమం సాయంత్రం ఆరున్నరకు. ఆ రోజు అమావాస్య కాదు. అయినా మా వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. అందరూ మధ్యాహ్నం బస్సెక్కి తిరుత్తణికి, సావుకారి ఇంటికి బయల్దేరారని నాకు తర్వాత తెలిసింది. నేను తిరువళ్ళూరులో బండెక్కి మద్రాసు చేరి, చీర కట్టుకుని, పూలు పెట్టుకుని స్టూడియోలో అడుగుపెట్టాను. చలి. మంచుగడ్డల గోదాములోకి వచ్చినట్టుంది. తల మీద దీపాలు మాత్రం పెనం మీద కూర్చోబెట్టినట్టు మాడుస్తున్నాయి. బల్ల వెనక కుర్చీలో కూర్చోమన్నారు. ఎదురుగా చిన్న తెరలో నా బొమ్మ వచ్చింది. చూసి నేనే జడుసుకున్నాను.

నా మొహం సరిగ్గానే ఉంది. చీర మాత్రం ఉడుకుతోంది. మెడ కిందినుంచి గీతలన్నీ పురుగుల పుట్ట కదిలినట్టు మెరుస్తూ, పాకుతూ, అలలుగా లేస్తూ పడుతూ ఉన్నాయి. నేను ఊపిరి పీల్చినప్పుడల్లా తెరంతా జిగేల్‌మంటోంది. మేకప్ వేసిన అరవావిడ నోరు నొక్కుకుంది. "అయ్యో, ఇంద పుడవై ఆడుదు మా! చీర ఆడతా ఉంది చూడు" అని అరిచింది. ప్రొడ్యూసర్ గారు పరుగున వచ్చాడు. అంత సన్న గీతలు టీవీ పట్టలేదని, గీతలూ గళ్ళూ ఎంత సన్నగా ఉంటే అంత గొడవ చేస్తాయని ఆయన చెప్పాడు. ముందే చెప్పకపోవడం తన పొరపాటేనని ఒప్పుకున్నాడు కూడా. పనితనం కనపడాలని నాయన ఎంత సన్నగా నేశాడో, ఆ పెట్టెకు అంత కంటగింపయింది. మేము సాలెవాళ్ళం తప్ప ఇంకెవరూ అంత కష్టపడి అంత తప్పు చేయలేరు.

"మార్చుకోమ్మా. బీరువాలో ఉత్త నైలాను చీర ఉంది, తెల్లగా ఉండదు, గీతలుండవు. పావుగంట టైముంది. మార్చుకోనంటే పాతావిడ బయట కూర్చునే ఉంది, ఈ వారం ఆమెతోనే చేయిస్తాను" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చీరల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆ నైలాను చీర చేతిలోకి తీసుకున్నాను. జారిపోతోంది. తిరుత్తణిలో ఇప్పుడు నాయన ఏ మూల కూర్చునుంటాడో నాకు తెలుసు. ఈ నైలానులో నన్ను చూస్తే ఆయన ఏమీ అనడు. నేను ఊరికి పోయినా ఏమీ అడగడు. ఆ అడగకపోవడం నేను బతికినన్నాళ్ళూ ఉంటుంది. ఏడుపొచ్చింది. మొహానికి రంగు వేసుకుని ఏడవడం కూడా కుదరదని అప్పుడే తెలిసింది. కట్టుకున్న చీర విప్పుతుంటే లోపలి చెంగు చేతికొచ్చింది. గజమున్నర ఉత్త నేరేడు రంగు. గీత లేదు, చుక్క లేదు.

నేసినవాడి కూతుర్ని కాకపోతే నాకు ఆ ఆలోచన వచ్చేది కాదు. గబగబా చీర తలకిందులు చేసి కట్టాను. పైటచెంగును నడుములో దోపి, లోపలి చెంగును గుండెల మీదుగా తెచ్చి భుజానికి పిన్ను పెట్టాను. వెనక్కి వేలాడడానికి జానెడు కూడా మిగల్లేదు. కుచ్చిళ్ళలో గీతలు, ఒంటి మీద ఉత్త రంగు, భుజం మీద గోపురం అంచు. కుర్చీలో కూర్చుని బల్లకు ఆనుకున్నాను. తెరలో బొమ్మ నిలిచింది. ప్రొడ్యూసర్ గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు. "ఇదే చీరా?" అన్నాడు. "ఇదే" అన్నాను. "బాగుంది. కానీ కదలకు. చివర్లో కూడా కూర్చునే నమస్కారం చెయ్యి. లేచావంటే కింది గీతలన్నీ బయటపడతాయి. అర్థమైందా?" అన్నాడు. అర్థమైందన్నాను. నేను నాయనకు ఇచ్చిన మాట సగం నిలబడింది. మిగతా సగం కుర్చీలో కూలబడి ఉంది.

ఎర్రదీపం వెలిగింది. మొదటి నిమిషం నా గొంతు నాది కాదు. తర్వాత నా చూపుడువేలూ బొటనవేలూ బల్ల కింద వాటంతటవే నులుముకోవడం మొదలుపెట్టాయి, లేని పోగుల్ని అతుకుతున్నట్టు. అంతే, మాట దొరికింది. ఆ కెమెరా వెనక మగ్గం ఉందనుకున్నాను. చప్పుడు తూకం తప్పకుండా చూసుకుంటూ చెప్పాను. కవరైపేట్టై స్టేషనులో పూలమ్మే ఒక ముసలామె గురించి చెప్పాను, కొత్తగా వచ్చిన ఒక కథల పుస్తకం గురించి చెప్పాను, రెండిటినీ ఎట్లా కలిపానో నాకిప్పుడు గుర్తు లేదు. కెమెరా వెనకాయన తన పని మరిచి నవ్వడం చూశాను. ఇంకా అర నిమిషం ఉందని వేళ్ళు చూపించారు. కూర్చుని నమస్కారం పెడితే ఆ ఉద్యోగం నాది. అది ప్రొడ్యూసర్ గారి మొహంలోనే రాసి ఉంది.

లేచాను. లేస్తూనే బల్ల పక్కకు ఒక అడుగు వేశాను. "ఈ చీర నేసింది మా నాయన మునిరత్నం. మాది అత్తిమంజేరిపేట. మా వీధి అంతా కలిసి నేసి పంపించిన చీర ఇది. నమస్కారం" అన్నాను. కెమెరా ఆయనకు ఏ దేవుడు పూనాడో గాని వెనక్కి జరిగి నన్ను నిలువునా చూపించాడు. చిన్న తెరలో కుచ్చిళ్ళు భగ్గుమన్నాయి. గీతలు గీతలుగా వెలుగు పాదాల దాకా జారిపోయి, మళ్ళీ పైకి ఎగబాకింది. అప్పుడు ఎర్రదీపం ఆరిపోయింది.

ఆ సాయంత్రం తిరుత్తణిలో ఏం జరిగిందో అమ్మ నోట వందసార్లు విన్నాను. వందసార్లూ అడిగి చెప్పించుకున్నాను. సావుకారి హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. రాజమామ మిద్దె మీద యాంటెనా పట్టుకుని నిలబడి, "బొమ్మ తెలస్తాండాదా? ఇప్పుడు తెలస్తాండాదా?" అని అరుస్తూ, చూడ్డానికి మాత్రం నోచుకోలేదు. నా బొమ్మ వచ్చింది. జనం కేకలు పెట్టారు. "మీ నాయన మొగం నల్లబడిపోయినాది మే" అనేది అమ్మ. "గీతలు లేవే, ఇది నా చీర కాదు అన్నాడు. పక్కనోళ్ళు సూసీసూడనట్టు ఉండారు. మళ్ళీ ఆయనే ముందుకి జరిగి జరిగి, టీవీకి జానెడు దూరంలో కూసోని అంచు జూసినాడు. ఒసే, ఇది లోపలి చెంగే! తల్లకిందలు కట్టుకోనుండాది ముండ, అని తొడ మింద కొట్టుకోని నవ్వినాడు సూడు, అట్టా నవ్వింది పెండ్లిలో గూడా సూళ్ళేదు నేను." ఎందుకు తిప్పి కట్టిందో అక్కడెవరికీ అర్థం కాలేదు. కానీ తిప్పి కట్టిందని తెలుసుకున్నది, ఆ పూట టీవీ చూసిన జనమందరిలో, ఆ హాల్లో కూర్చున్న మా వీధివాళ్ళే.

తర్వాత నేను లేచాను, నాయన పేరు చెప్పాను, చీర మండింది. పొరపాటని వాళ్ళకు తెలియదు. నాయన చేతి పని పెట్టెలో పట్టక పొంగిపొర్లుతోందనుకున్నారు. కళ్ళు కనపడని అవ్వ, "ఏమైనాది? ఎందుకు అరస్తాండారు?" అని అందరినీ గుంజుతుంటే, అమ్మ ఆమె చెవిలో, "మీ కొడుకు పేరు జెప్పినాది అత్తా, ఊరంతా యినేట్టు జెప్పినాది" అన్నది. అవ్వ వెంటనే, "నా పేరు జెప్పలేదా? కండెలు ఎవురు చుట్టినారంట?" అన్నది. ఆ ఇంట్లో మా వాళ్ళు ఎప్పుడూ నేల మీదే కూర్చునేవాళ్ళు. సావుకారు లేచి తన పక్క కుర్చీ చూపించి, "మునిరత్నం, వచ్చి ఇక్కడ కూసో" అన్నాడట. నాయన, "ఉండనీండయ్యా. నాకు ఈడనే సౌకర్యంగా ఉండాది" అన్నాడట, టీవీ ముందు నుంచి కదలకుండా.

ఇక్కడ స్టూడియోలో ప్రొడ్యూసర్ గారు నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను సంచి సర్దుకుంటున్నాను, పో అనిపించుకోకముందే పోదామని. "లేవద్దన్నానా?" అన్నాడు. "అన్నారండీ." "మరి?" "మా నాయనకు మాట ఇచ్చానండీ, మీకంటే ముందు" అన్నాను. ఆయన పొట్ట కదలడం మొదలైంది. "మద్రాసులో ఎంతమంది లేచి టీవీ నెత్తిన కొట్టుంటారో తెలుసా!" అని ఆ కుర్చీలోనే కూలబడి నవ్వాడు. టెలిఫోన్లు వచ్చాయి. నలుగురు టీవీ చెడిపోయిందా అని అడిగారు. మిగతావాళ్ళు ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడు వస్తుందని అడిగారు. "వచ్చే వారం అరగంట ముందుగా రా" అన్నాడాయన. నా ఉద్యోగపు ఉత్తర్వు ఆ ఒక్క ముక్కే. తిరువళ్ళూరు బండిలో కూర్చుని గదికి చేరేదాకా ఒళ్ళంతా సంతోషంతో వణుకుతూనే ఉంది. ఆ తర్వాత నాకు వచ్చిన ఏ బహుమతీ, ఏ శాలువా అంత సంతోషం ఇవ్వలేదు. చెప్పడానికి సిగ్గెందుకు?

ఇప్పుడు టీవీ ఎంత సన్న గీతనైనా పట్టుకుంటుంది. యాంకరమ్మ గోరు మీది పువ్వు కూడా స్పష్టంగా కనపడుతుంది. కార్యక్రమం చివర పేర్లు పరుగెత్తుతాయి, బట్టలు ఫలానా దుకాణం, నగలు ఫలానా దుకాణం, జుట్టు ఫలానా వారు. నేను అలవాటుగా ఇంకా నేసినవాళ్ళ పేరు కోసం చూస్తాను. ఉండదు. మా వీధిలో మగ్గాలు కొన్నే మిగిలాయి. పిల్లలు ఫ్యాక్టరీలకు పోతున్నారు, మంచి జీతాలు, నడుము నొప్పి లేదు. నేనెవరినీ తప్పు పట్టను, గుంటలో కాళ్ళు పెట్టి చూసినవాళ్ళెవరూ పట్టరు. అయితే ఆ రోజుల్లో మాకు లేనివి చాలా ఉన్నా, ఒకటి ఉండేది. ఒకరి కూతురు తెర మీదికి పోతే వీధి మొత్తం మగ్గం దిగి బస్సెక్కేది. అది ఇప్పుడు ఏ తెర మీదా నాకు కనిపించడం లేదు.

ఆ మొదటి కార్యక్రమం అయిన ఆదివారం ఊరికి పోయాను. వీధి మొదట్నుంచే జనం పలకరింపులు, దిష్టితీతలు. ఇంట్లో అడుగుపెట్టేసరికి నాయన నేస్తున్నాడు. నన్ను చూశాడు గాని చెయ్యి ఆపలేదు. చీర ఎందుకు తిప్పి కట్టాల్సి వచ్చిందో నేను గడపలో కూర్చుని మొత్తం చెప్పాను. చీర ఉడకడం, నైలాను, ప్రొడ్యూసర్ గారు, అన్నీ. మగ్గం చప్పుడు తూకం తప్పలేదు. మొహం కడుక్కోవడానికీ లేవలేదు. అంతా విని, నాడె ఆపి, "అయితే ఎంత లావు గీతైతే ఆడకుండా నిలస్తాది?" అని అడిగాడు.

వేళ్ళతో చూపించాను. "అర అంగుళమన్నా ఉండాలంట నాయనా."

"అర అంగుళమా!" ఆయన మొహంలో అంత చిన్నచూపు నేను ఎప్పుడూ చూడలేదు. "దానికి నేనెందుకు? మీ రాజమామ నేస్తాడు." మిద్దె మీదినుంచి ఏమీ చూడలేకపోయిన రాజమామ ఎదురింటి అరుగు మీదనుంచి ఏదో అరిచాడు. నాయన పట్టించుకోలేదు. నా వైపు తిరిగాడు.

"వచ్చేవారం గూడా ఆకర్న లేస్తావా?"

ప్రొడ్యూసర్ గారి మొహం గుర్తొచ్చింది. "లేస్తా నాయనా" అన్నాను.

"అయితే లోపలి చెంగు రెండు గజాలు ఇడస్తా" అన్నాడు. రెండు నాడెలూ చేతిలోకి తీసుకున్నాడు. "కింద మాత్రం సన్న గీతలే."